మూసే అధికారం, చెప్పే బాధ్యత

పూర్వం కళాశాల ద్వారం దగ్గర ఒక కావలివాడు ఉండేవాడు. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని అతడు ఆపేవాడు. ఆపిన మనిషి ఎవరో, ఏ కారణాన ఆపాడో ఆ విద్యార్థికి తెలిసేది. బతిమాలుకొనవచ్చు, వాదించవచ్చు, కాదంటే ప్రిన్సిపాలుగారి గదికి పోయి మొర పెట్టుకొనవచ్చు. నేటి కళాశాలకు మరొక ద్వారం ఏర్పడినది. దాని కావలి కాసేది మనిషి కాదు. ఒక కంప్యూటరులోని పట్టిక. ఆ పట్టికలో ఒక వరుస చేరిస్తే ఒకనికి ప్రవేశం ఆగిపోతుంది. ఒక గ్రూపు మీద ఒక మాట వ్రాస్తే వందమందికి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగినవానికి తెరమీద కనిపించేది 'లాగిన్ విఫలమైనది' అన్న ఒక్క వాక్యం. ఎవరు ఆపారో తెలియదు, ఎందుకు ఆపారో తెలియదు, ఎవరిని అడగాలో అంతకంటె తెలియదు.

మన కళాశాలలో వైఫై సౌకర్యాన్ని ఒకే కేంద్ర నమోదు క్రిందికి తెచ్చి, ప్రతి విద్యార్థికి వేరుగా ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఇవ్వాలన్న ఆలోచన సాగుతున్నది. ఇది మంచి ఆలోచన. అందరికి ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, అది ఊరంతా పాకిన తరువాత మార్చుకుంటూ కూర్చోవడం కంటె ఇది నూరు రెట్లు మేలు. అయితే దానికి తోకగా మరొక సూచన వచ్చినది. ఫీజు బకాయి ఉన్నవారిని, క్రమశిక్షణ తప్పినవారిని ఒక గ్రూపులో వేసి, ఆ గ్రూపు మొత్తానికి ప్రవేశం నిలిపివేయాలని ఆ సూచన. ఈ రెండవ మాట గురించి నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నవి. వాటిని కమిటీ పెద్దల ముందు, విద్యార్థుల ముందు ఉంచడం అధ్యాపకునిగా నా విధి అనుకుంటున్నాను. నేను బోధించేది తెలుగు, యంత్రశాస్త్రం కాదు. కాని పట్టిక ఎవరు వ్రాసినా అందులోని పేర్లు మన పిల్లలవి. కనుక ఆ పట్టిక ఎట్లు పని చేస్తుందో తెలుసుకోవలసిన భారం మన అందరి మీద ఉన్నది.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఒక సంగతి వెంటనే స్ఫురిస్తుంది. తెలుగు కచేరీలలో పరిపాలనకు వాడే మాటలు ఎన్నో అరబ్బీ, పారశీ భాషల నుంచి వచ్చినవే. హాజరు, జాబితా, దాఖలా, మంజూరు, రద్దు, ఫిర్యాదు, ఫైసలా - వీటిలో మన రైతుకు తెలియని మాట ఒక్కటీ లేదు. ఈ కొత్త యంత్రం చేసే పని కూడ ఈ ఏడు మాటలలోనే ఇమిడి ఉన్నది. విద్యార్థి హాజరవుతాడు, యంత్రం జాబితా చూస్తుంది, దాఖలా సరిపోతే మంజూరు, లేకుంటే రద్దు. చివరి రెండు మాటలు, ఫిర్యాదు, ఫైసలా, మాత్రం యంత్రంలో లేవు. వాటిని మనుషులే ఏర్పాటు చేయవలసి ఉన్నది. నా వాదమంతా ఆ రెండు మాటల గురించే.

ముందుగా ఈ యంత్రాంగం పుట్టుక చూద్దాము. 1991లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో మెరిట్ నెట్‌వర్క్ అనే విద్యాసంస్థల కూటమికి ఒక చిక్కు వచ్చినది. టెలిఫోను తీగల ద్వారా దూరం నుంచి వచ్చి కలిసేవారిని అనేక చోట్ల వేరువేరుగా తనిఖీ చేయడం కష్టమైనది. లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అన్న సంస్థ దానికి ఒక పరిష్కారం రూపొందించినది. దాని పేరు రేడియస్. ద్వారములు ఎన్ని ఉన్నా తనిఖీ చేసే దఫ్తరు ఒక్కటే ఉండాలన్నది దాని మూలసూత్రం. 1997లో అది లోకమంతటికి ఉమ్మడి ప్రమాణంగా ప్రకటితమైనది. 2000 జూనులో మెరుగైన రూపం వెలువడినది. 1999లో మొదలైన ఫ్రీరేడియస్ అన్న ఉచిత సాఫ్టువేరు దీనిని కళాశాలలకు, చిన్న సంస్థలకు కూడ అందుబాటులోకి తెచ్చినది. ఈనాడు ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలలో, ఇంటర్నెట్ కంపెనీలలో ఇది విస్తారంగా వాడుకలో ఉన్నది.

ఇది పని చేసే తీరు సరళమైనదే. విద్యార్థి తన ఫోనులో పేరు, పాస్‌వర్డ్ వ్రాస్తాడు. గోడమీది వైఫై పెట్టె తాను నిర్ణయం తీసుకొనదు. ఆ వివరాలను ఒక విన్నపంగా సర్వరుకు పంపుతుంది. సర్వరు మూడు విధములైన జవాబులలో ఒకటి ఇస్తుంది: రానిమ్ము, రానీయకుము, మరికొంత రుజువు అడుగుము. ఆ జవాబు ఇచ్చే ముందు సర్వరు డేటాబేసులో కొన్ని పట్టికలు చూస్తుంది. ఒక పట్టికలో ఒక్కొక్క మనిషి దాఖలా ఉంటుంది. రెండవ పట్టికలో ఎవరు ఏ గ్రూపుకు చెందినవారో ఉంటుంది. మూడవ పట్టికలో ఆ గ్రూపునకు వర్తించే షరతులు ఉంటవి. ఫ్రీరేడియస్ వాడేవారు వీటిని రాడ్‌చెక్, రాడ్‌యూజర్‌గ్రూప్, రాడ్‌గ్రూప్‌చెక్ అంటారు. ఒక గ్రూపు మొత్తాన్ని ఆపవలెనంటే ఆ మూడవ పట్టికలో గ్రూపు పేరు ఎదుట 'ఆథ్-టైప్ := రిజెక్ట్' అని ఒక్క వరుస వ్రాస్తే చాలు. ఆ తరువాత ఆ గ్రూపులోని వాడు సరియైన పాస్‌వర్డ్ ఇచ్చినా సర్వరు 'రానీయకుము' అనే అంటుంది.

గుమ్మఘట్ట ప్రాంతపు పిల్లలకు దీనిని వివరించడానికి నాకు కంప్యూటరు అవసరం లేదు. వేదవతి మీది భైరవానితిప్ప ప్రాజెక్టు చాలును. హగరి అని మనం పిలుచుకునే ఆ నది మీది జలాశయం నిండిన ఏళ్ళ కంటె నిండని ఏళ్ళే ఎక్కువ. కనుక తూము అంటే ఏమిటో, ఆయకట్టు అంటే ఏమిటో, చివరి మడికి నీరు అందకపోవడం అంటే ఏమిటో ఇక్కడి పసిపిల్లవానికి కూడ తెలుసు. వ్యక్తి దాఖలా ఒక మడి మడవ వంటిది. గ్రూపు షరతు తూము వంటిది. మడవ మూస్తే ఒక మడి ఎండుతుంది. తూము మూస్తే ఆయకట్టు అంతా ఎండుతుంది. ఒక రైతు నీటితీరువా బకాయి పడినాడని తూము మూసిన నీరుగంటిని ఏ ఊరు మెచ్చుకుంటుంది?

ఇక్కడ యంత్రజ్ఞులు ఒక సవరణ చెబుతారు. ఉన్న గ్రూపును మూయడం ఒక పద్ధతి. 'నిలిపివేత' అని వేరే ఒక గ్రూపు సృష్టించి, ఆపదలచినవారిని మాత్రం అందులో చేర్చడం మరొక పద్ధతి. రెండవదే మంచిది. అది మంచిది అనడానికి మూడు కారణములు కలవు. మొదటిది, విద్యార్థి అసలు దాఖలా చెదరదు; పాస్‌వర్డ్ మార్చనక్కర లేదు, ఖాతా తుడిచివేయనక్కర లేదు. రెండవది, ఆ గ్రూపు నుంచి పేరు తీసివేస్తే ప్రవేశం తిరిగి యథాప్రకారం వస్తుంది. మూడవది, ఆగినవారందరు ఎవరో ఒక్క చూపులో తెలుస్తుంది. కనుక గ్రూపు ద్వారా ఆపడం అన్న పద్ధతినే నేను నిరసిస్తున్నానని ఎవరూ అనుకోరాదు. పనిముట్టుగా అది ఉత్తమమైనదే. కత్తి పదునుగా ఉన్నదని కత్తిని నిందించము. ఎవరి చేతిలో, ఏ పనికి ఉన్నదని మాత్రం అడుగుతాము.

ఆ పనిముట్టు పదును ఎటువంటిదో మరి కొంచెము చూడాలి. ఒక విద్యార్థి ఒకటి కంటె ఎక్కువ గ్రూపులలో ఉండవచ్చు. 'విద్యార్థులు' అన్న గ్రూపులోను, 'నిలిపివేత' అన్న గ్రూపులోను ఒకే పేరు ఉన్నదనుకుందాము. సర్వరు ఏది ముందు చూస్తుంది? ప్రతి గ్రూపుకు ఒక ప్రాధాన్యసంఖ్య ఉంటుంది; చిన్న సంఖ్య ముందు. మొదటి గ్రూపు షరతులు సరిపోతే, తరువాతి దానికి కూడ పోవలెనని ప్రత్యేకంగా వ్రాసి ఉంటే తప్ప, సర్వరు అక్కడే ఆగిపోతుంది. అనగా 'విద్యార్థులు' గ్రూపునకు ఒకటవ స్థానం, 'నిలిపివేత'కు పదవ స్థానం ఇచ్చి ఉంటే, ఆ నిలిపివేత కాగితం మీదనే మిగిలిపోవచ్చును. అట్లే ':=' అన్న గుర్తుకు 'ఇట్లని నిర్ణయించు' అని అర్థము; '==' అన్న గుర్తుకు 'ఇట్లున్నదేమో సరిపోల్చు' అని అర్థము. ఒక గీత మారితే శాసనం ప్రశ్నగా మారిపోతుంది. వ్యాకరణంలో విభక్తి మారితే కర్త కర్మ అవుతాడని తరగతిలో చెప్పినప్పుడు నవ్వే విద్యార్థులు దీనిని గమనించాలి. ఇంత సున్నితమైన పనిని ఎవరో ఒకరు సాయంత్రం ఇంటికి పోయే తొందరలో చేసి, మరునాడు సరిచూడకపోతే, ఆగవలసినవాడు ఆగడు, ఆగరానివాడు ఆగిపోతాడు.

మరొక విషయము. గ్రూపు షరతు పని చేసేది తరువాతి విన్నపం వచ్చినప్పుడే. అప్పటికే లోపల ఉన్నవానిని అది బయటికి పంపదు. తూము మూసినా కాలువలో పారుతున్న నీరు పారుతూనే ఉన్నట్లు, ఆ సంబంధం దాని గడువు తీరేదాక సాగుతుంది. వెంటనే త్రెంచవలెనంటే వేరొక సందేశం పంపాలి. దాని ప్రస్తుత ప్రమాణం 2008 జనవరిలో వెలువడినది. దానిని అర్థం చేసుకొనే శక్తి వైఫై పెట్టెకు కూడ ఉండాలి. నిజంగా ప్రమాదం జరుగుతున్నప్పుడు, ఉదాహరణకు ఎవరి ఖాతానైనా దొంగ వాడుతున్నప్పుడు, ఈ తేడా చాలా ముఖ్యము. విచిత్రమేమంటే, మొండివాడు సంబంధం త్రెంచుకోకుండా గంటల తరబడి వాడుకుంటాడు. నియమం ప్రకారం మూసి, మరల తెరిచే అమాయకుడు వెంటనే ఆగిపోతాడు.

యంత్రం ఇచ్చే 'రానీయకుము' అన్న జవాబు కూడ ఇనుపగోడ కాదు. 2024 జులైలో పరిశోధకులు బ్లాస్ట్-రేడియస్ అన్న లోపాన్ని బయటపెట్టారు. వైఫై పెట్టెకు, సర్వరుకు నడుమ చొరబడగలిగినవాడు కొన్ని పరిస్థితులలో 'రానీయకుము' అన్న జవాబును 'రానిమ్ము'గా మార్చగలడని వారు నిరూపించారు. ముప్పై ఏళ్ళనాటి పాత ముద్ర పద్ధతి ఇందుకు కారణము. సందేశానికి అదనపు ముద్ర ఒకటి తప్పనిసరి చేయడం దీనికి చికిత్స. ఈ సంగతి ఇక్కడ చెప్పడంలో నా ఉద్దేశము, ఏర్పాటు చేసేవారు పాత సాఫ్టువేరుతో సరిపెట్టుకొనరాదని మాత్రమే.

ఇక అసలు విషయానికి వద్దాము. ఎవరిని ఆపవచ్చును? చదువు ముగించి వెళ్ళినవారి ఖాతా ఆపవచ్చు, ఆపాలి కూడ. పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడినదని తెలిస్తే ఆపాలి. వైరసు పట్టిన కంప్యూటరు నుంచి నెట్‌వర్క్ అంతటికి చెరుపు జరుగుతుంటే ఆపాలి. ఈ మూడింటిలోను ఆపడం రక్షణ కొరకు. ఆపబడినవానికి కూడ అందులో మేలు ఉన్నది. ఫీజు బకాయి కొరకు ఆపడం అటువంటిది కాదు. అది వసూలు సాధనము. నెట్‌వర్క్ రక్షణ కొరకు పుట్టిన తాళాన్ని అప్పుల వసూలుకు వాడుకోవడము.

ఆ వసూలు కూడ ఎవరి నుంచి? మన విద్యార్థులలో ఎక్కువమంది బోధనా రుసుము ప్రభుత్వం చెల్లించవలసినది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటవి; డబ్బు ఆలస్యంగా రావడం మాత్రం అన్ని కాలాలలోను కళాశాలలు ఎరిగినదే. ఆ డబ్బు రాని నెలలలో కార్యాలయపు లెక్కలలో బకాయి ఎవరి పేరు మీద కనిపిస్తుంది? విద్యార్థి పేరు మీద. డేటాబేసుకు 'తాను చెల్లించనివాడు', 'తన తరఫున చెల్లింపు రానివాడు' అన్న తేడా తెలియదు. మనం చెబితే తప్ప తెలియదు. 'బకాయి సున్న కంటె ఎక్కువ' అన్న ఒక్క షరతుతో గ్రూపు తయారుచేస్తే, ప్రభుత్వం చేసిన ఆలస్యానికి పేదవాని బిడ్డకు శిక్ష పడుతుంది.

ఆ బిడ్డ ఎక్కడి నుంచి వస్తున్నాడో కూడ చూడాలి. వాన మీద ఆధారపడిన వేరుసెనగ చేలు, వాన తప్పితే బళ్ళారికో బెంగుళూరుకో వలస, రాయదుర్గంలో జీన్సు బట్టలు కుట్టే పని - ఇది ఈ పీఠభూమి బ్రతుకు. ఇంటిలో ఒకే ఫోను. అది పగలు తండ్రితో పనికి పోతుంది. అటువంటి విద్యార్థికి కళాశాల వైఫై విలాసము కాదు. ఉపకారవేతనం దరఖాస్తు చేసేది అక్కడే. పరీక్ష ఫీజు కట్టేది, హాల్ టికెట్ తీసుకునేది అక్కడే. 2017లో మొదలైన స్వయం వేదికలో పాఠములు వినేది అక్కడే. బకాయి తీరడానికి కావలసిన ఉపకారవేతనపు దరఖాస్తును బకాయి ఉన్నదని ఆపివేస్తే, అతడు ఆ బకాయి తీర్చేది ఎట్లు? కాళ్ళు కట్టివేసి నడవమనడము కాదా ఇది?

గ్రూపుగా ఆపడం ఎంతదాకా పోగలదో మన తెలుగునాటనే చూచినాము. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దయినవి. ఇల్లిల్లు తిరిగి చూడకుండా, కంప్యూటరు లెక్కల ఆధారంగా అనర్హులను ఏరివేశారన్నది వాటిమీద వచ్చిన ఫిర్యాదు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయినది. 2022 ఏప్రిలులో న్యాయస్థానం, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసినదిగా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది. వైఫైకి, అన్నానికి పోలిక ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పోలిక వస్తువులో లేదు, పద్ధతిలో ఉన్నది. మనిషిని చూడకుండా గుణాన్ని చూచి ఏరడం. ఏరిన తరువాత చెప్పకపోవడం. చెప్పనందువలన అతడు మొర పెట్టుకొనలేకపోవడం. ఈ మూడు అడుగులు కళాశాలలోను అవే, రాష్ట్రంలోను అవే. చిన్నచోట ఈ అలవాటు నేర్చినవారే రేపు పెద్ద కార్యాలయాలలో కూర్చుంటారు. మన విద్యార్థులు కంప్యూటరు ముందు కూర్చుని జాబితాలు తయారుచేసే రోజు దూరంలో లేదు. వారు మన వద్ద ఏ పద్ధతి చూచి నేర్చుకోవాలన్నది మనం ఆలోచించాలి.

న్యాయస్థానాలు ఈ విషయంలో మౌనంగా లేవు. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫహీమా షిరీన్ కేసులో తీర్పు చెప్పినది. వసతిగృహంలో సాయంత్రపు వేళలలో ఫోను అప్పగించవలెనన్న నిబంధనకు ఒప్పుకొననందుకు ఒక కళాశాల విద్యార్థినిని బయటికి పంపిన వ్యవహారము అది. ఇంటర్నెట్ పొందే హక్కు విద్యాహక్కులోను, ఏకాంత హక్కులోను భాగమేనని ఆ న్యాయస్థానం అన్నది. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనురాధా భసీన్ కేసులో, ఇంటర్నెట్‌ను గడువు లేకుండా నిలిపివేయడం చెల్లదని, నిలిపివేత ఉత్తర్వులను ప్రకటించాలని, చర్య అవసరానికి తగిన మేరకే ఉండాలని చెప్పినది. అది ప్రభుత్వాన్ని ఉద్దేశించిన తీర్పు. మన వైఫైని ఉద్దేశించినది కాదు. కాని గడువు, ప్రకటన, తగిన మేర అన్న ఆ మూడు కొలతలు ఏ తాళానికైనా సరిపోయే కొలతలే. పెద్ద ప్రభుత్వం పాటించవలసిన మర్యాదను చిన్న కళాశాల పాటించలేకపోవడానికి కారణం ఏమున్నది?

కమిటీ పెద్దల వాదన నాకు తెలియనిది కాదు. 'తీగలకు, పెట్టెలకు, నెలనెలా బిల్లుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఫీజు కట్టినవానికి, కట్టనివానికి ఒకే సౌకర్యం ఇస్తే కట్టినవానికి అన్యాయం కాదా?' అని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మైనారిటీ సంస్థ నడపడంలోని కష్టం, దాతల ఇండ్ల చుట్టు తిరగడంలోని ప్రయాస నేను చూస్తూనే ఉన్నాను. కాని ఫీజు వసూలుకు గడువులు, వాయిదాలు, తల్లిదండ్రులతో మాటలు ఇత్యాది మార్గములు ఉన్నవి. ఖర్చు తగ్గించుకోవడమే ఉద్దేశమైతే, గ్రూపు షరతులతోనే దానికి కూడ మార్గం ఉన్నది. ప్రవేశం పూర్తిగా ఆపకుండా వేగం తగ్గించవచ్చు, సమయం పరిమితం చేయవచ్చు. గ్రంథాలయం, పరీక్షలు, ఉపకారవేతనములు, పాఠములు - ఈ నాలుగింటికి మాత్రమే దారి ఇచ్చి, సినిమాలకు ఆటలకు దారి ఇవ్వకపోవచ్చు. సర్వరుకు 'రానిమ్ము', 'రానీయకుము' అన్న రెండు మాటలే తెలుసునని అనుకోరాదు. 'ఇంతవరకు రానిమ్ము' అని చెప్పడం కూడ దానికి తెలుసు. ఆ మూడవ మాటను వదలి మొదటనే రెండవ మాటకు పోవడం ఎందుకు?

రెండవ వాదన: 'విద్యార్థులు పాస్‌వర్డ్ ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు, భయం ఉండాలి.' దానికి భయం కంటె మంచి ఉపాయం ఉన్నది. ఒక పేరుతో ఒకేసారి ఒక్క పరికరమే లోపలికి రావలెనని షరతు పెట్టవచ్చు. పైగా, వందమందిని ఆపితే జరిగేది ఏమిటి? ఆ వందమందీ స్నేహితుల పాస్‌వర్డ్ అడుగుతారు. స్నేహితుడు కాదనడు, కాదనడం మన పిల్లల స్వభావంలో లేదు. అప్పుడు రికార్డులో అహ్మద్ అని ఉంటుంది, వాడినవాడు ఆంజనేయులు. రేపు నిజంగా ఏదైనా నేరం జరిగితే పోలీసులు ఎవరిని అడుగుతారు? ఏ క్రమశిక్షణ కొరకు ఆపినారో ఆ క్రమశిక్షణే చెడుతుంది. రక్షణ కొరకు కట్టిన గోడ రక్షణనే కూల్చుతుంది.

కనుక కమిటీ ముందు నా విన్నపములు ఇవి.

ఫీజు బకాయి కారణంగా ఎవరికీ ప్రవేశం పూర్తిగా ఆపరాదు. ప్రభుత్వం చెల్లించవలసిన రుసుమును ఎట్టి పరిస్థితిలోను విద్యార్థి బకాయిగా పరిగణించరాదు.

'నిలిపివేత' అని ఒకే ఒక్క గంప పెట్టి అందరిని అందులో వేయరాదు. చదువు ముగిసినవారు, భద్రత కారణంగా ఆగినవారు, విచారణలో ఉన్నవారు అని కారణాన్ని బట్టి వేరువేరు గ్రూపులు ఉండాలి. పేరులోనే కారణం తెలియాలి. దొంగ చేతిలో పాస్‌వర్డ్ పడిన అమాయకుడు, దొంగతనం చేసినవాడు ఒకే పేరు క్రింద ఉండరాదు. కులం, మతం, భాష, ఊరు ఆధారంగా ఏ గ్రూపూ ఉండరాదని నియమావళిలో స్పష్టంగా వ్రాయాలి. మన సంస్థ పుట్టుకే ఆ మాట మనకు నేర్పుతున్నది.

ప్రతి నిలిపివేతకు గడువు ఉండాలి. తేదీ దాటగానే దానంతట అదే తొలగిపోవాలి. పొడిగించవలెనంటే మరల కారణం వ్రాసి, మరల సంతకం చేయాలి. ఆపడానికి శ్రమ ఉండాలి, తెరవడానికి ఉండరాదు.

చేర్చేది ఒకరు, సరిచూచేది మరొకరు కావాలి. కంప్యూటరు చూచే ఉద్యోగి ఒక్కనిమీద ఈ భారం వేయడం అతనికి కూడ అన్యాయము. అతడు వరుస వ్రాస్తాడు. ఆజ్ఞ ఇచ్చినవారి పేరు మాత్రం పుస్తకంలో ఉండాలి. వరుస వ్రాసిన తరువాత ఒక పరీక్ష ఖాతాతో ప్రయత్నించి చూచి, ఆగవలసినది ఆగుతున్నదా, ఆగరానిది ఆగుతున్నదా అని నిర్ధారించుకోవాలి.

ఆగినవానికి కారణం తెలియజేయాలి. లాగిన్ పేజీ ఉన్నచోట సర్వరు ఒక సందేశం కూడ పంపగలదు. 'మీ ప్రవేశం ఫలాని కారణాన ఫలాని తేదీ వరకు నిలిచినది. ఫలాని గదిలో అడగండి' అని రెండు భాషలలో వ్రాయవచ్చు. ఫోను నేరుగా కలిసే పద్ధతిలో ఆ సందేశం సాధారణంగా తెరమీదికి రాదు. అటువంటప్పుడు ఫోను చేసి అయినా, కాగితం ఇచ్చి అయినా చెప్పాలి. మూడు పనిదినములలో ఫైసలా చెప్పే ఒక అధ్యాపకుని నియమించాలి. తరగతి ముందు ఆ జాబితా చదవడం, నోటీసు బోర్డులో అంటించడం మాత్రం చేయరాదు. కారణం చెప్పవలసినది ఆగినవానికే గాని ఊరికి కాదు.

సర్వరు దాచే రికార్డు మీద కూడ కన్ను ఉండాలి. ఎవరు ఎప్పుడు ప్రయత్నించారో, ఏ జవాబు పొందారో వ్రాసుకొనే పట్టిక ఒకటి ఉంటుంది. మామూలు ఏర్పాటులో విద్యార్థి టైపు చేసిన పాస్‌వర్డ్ కూడ ఉన్నది ఉన్నట్లుగా అందులో చేరవచ్చును. దానిని మొదటనే ఆపించాలి. తాళం కాపాడేవాడు తాళపుచెవుల నకళ్ళు దాచుకొనడం ఎవరికీ క్షేమం కాదు.

ఇవి అమలు చేయడానికి కొత్త యంత్రములు అక్కరలేదు. లక్షల ఖర్చు లేదు. ఒక పుస్తకం, రెండు సంతకాలు, వారానికి ఒక గంట కాలం చాలును. భవిష్యత్తులో మన కళాశాల ఎడ్యురోమ్ వంటి అంతర్జాతీయ సేవలో చేరితే వీటి విలువ మరింత తెలిసి వస్తుంది. 2002లో ఐరోపాలో ఆలోచనగా మొదలైన ఆ సేవ ఈనాడు అనేక దేశాలకు వ్యాపించినది. మన దేశంలో ఎర్నెట్ ఇండియా దానిని చూస్తున్నది. అందులో చేరిన కళాశాల విద్యార్థి ఢిల్లీకి పోయినా, విదేశానికి పోయినా, అక్కడి విశ్వవిద్యాలయపు వైఫై అతని మాతృసంస్థనే అడుగుతుంది: 'ఇతనిని రానీయవచ్చునా?' అని. ఇక్కడ మనం మరచిపోయి ఉంచిన ఒక్క వరుస, ఇంటర్వ్యూకు పోయిన విద్యార్థిని వేయి మైళ్ళ దూరంలో ఆపగలదు.

విద్యార్థినీ విద్యార్థులారా, హక్కుల మాట చెప్పిన తరువాత మీకు కూడ ఒక మాట చెప్పాలి. మీ పాస్‌వర్డ్ మీ సంతకం వంటిది. చెలిమి కొరకు సంతకాన్ని అరువు ఇవ్వరు గదా! ఫోను పోతే ఆ రోజే కార్యాలయంలో తెలుపండి. ప్రవేశం ఆగితే కోపపడి తీగలు పీకడం, తోడివాని పేరుతో దొంగచాటుగా దూరడం మగతనం కాదు. కారణం ఏమిటని అడగండి. వ్రాతపూర్వకంగా అడగండి. మర్యాదగా, పట్టు విడువకుండా అడగండి. అడగడం నేర్పని చదువు ఏ యంత్రం ముందైనా తల వంచుకొని నిలబడటమే నేర్పుతుంది. మీలో కంప్యూటరు శాస్త్రం చదివేవారు ఈ పట్టికలను తెరిచి చూచి, ప్రాధాన్యసంఖ్యలు, షరతులు నేర్చుకొని, కళాశాలకు సాయపడండి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివినది ఇక్కడ మీ స్నేహితుని చదువుగా కనిపిస్తుంది.

కమిటీ పెద్దలకు మనవి. మీరు చందాలు పోగుచేసి, స్థలం సంపాదించి ఈ విద్యాలయాన్ని కట్టినది ద్వారములు తెరవడానికి. ఎక్కడా చోటు దొరకని బిడ్డకు ఇక్కడ చోటు దొరకాలని. కొత్తగా వచ్చిన ఈ కనబడని ద్వారానికి కూడ ఆ సంకల్పమే వర్తించాలి. మూయవలసిన సందర్భములు ఉంటవి, కాదనను. మూసినప్పుడెల్లా ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అన్న మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసి ఉంచండి. జవాబు వ్రాయలేని రోజున ఆ వరుస వ్రాయకండి. రాబోయే సమావేశంలో నియమావళి మీ ముందుకు వచ్చినప్పుడు, 'బకాయిదారుల గ్రూపు' అన్న మాటను కొట్టివేసి, ఆ చోట 'కారణము, గడువు, మొర' అన్న మూడు మాటలు చేర్చవలసినదిగా ప్రార్థిస్తున్నాను.